నూట ఎనిమిది కాదు, ముందు మూడు: యోగా కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం



సూర్య నమస్కారాల వీడియో పెట్టాక చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "యోగా మొదలుపెట్టాలని ఉంది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" నేను యోగా గురువుని కాదు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. అయినా దీని గురించి రాయడానికి నాకు ఒక అర్హత ఉంది. యోగా ఎలా మొదలుపెట్టకూడదో నాకు అనుభవం మీద తెలుసు. ముందు అదే చెప్తాను.

నా రథసప్తమి కథ

2025 రథసప్తమికి రాజమండ్రిలో మా ఇంటికి వెళ్ళాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, రోజుకి తొమ్మిది పది గంటలు కుర్చీలోనే గడిచిపోతాయి. ఆ రోజు తెల్లవారుజామునే లేచి జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేశాను. అమ్మ డాబా మీద పిడకలు రాజేసి పాలు పొంగించింది. చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి నైవేద్యం. తూర్పున ఎర్రగా వెలుగు వస్తోంది. నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చేసింది. "ఇవాళ స్వామికి 108 నమస్కారాలు చేస్తా" అన్నాను.

దానికి ముందు ఆరు నెలల్లో నేను చేసినవి ఎన్ని? ఒక్కటి కూడా లేదు.

నాన్న పక్కన కూర్చుని లెక్కపెట్టారు. 20 వరకు బాగానే సాగింది. 50 దాటాక ఊపిరి ఒక దారి, ఒళ్ళు ఒక దారి. నోరు తెరిచి ఆయాసపడుతూనే 50 నిమిషాల్లో పూర్తి చేశాను. ఫోటో తీసుకుని స్టేటస్ కూడా పెట్టాను. మర్నాడు పొద్దున్న మంచం మీంచి లేవలేకపోయాను. నడుం పట్టేసింది.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఒక్క సూర్య నమస్కారంలో 12 భంగిమలు. అందులో నడుం పూర్తిగా వంచి ముందుకి వంగేది రెండుసార్లు. 108 నమస్కారాలంటే 216 సార్లు. రోజంతా ల్యాప్‌టాప్ ముందు గూని వేసుకుని కూర్చునే నడుముతో ఒక్క పూట 216 సార్లు! పట్టెయ్యకపోతే ఆశ్చర్యపోవాలి.

డాక్టర్ చూసి కండరం పట్టిందన్నారు, అదృష్టం కొద్దీ డిస్క్ కాదు. నొప్పి రెండు నెలల్లో తగ్గింది. కానీ భయం తగ్గలేదు, సిగ్గూ తగ్గలేదు. మ్యాట్ చుట్టి బీరువా మీద పెట్టేశాను. ఆ జూన్ 21న విశాఖ సాగరతీరంలో మూడు లక్షలమందికి పైగా యోగా చేస్తుంటే నేను ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాను. దానికి ముందు రోజు ఆంధ్రా యూనివర్సిటీ మైదానంలో 22 వేలమందికి పైగా గిరిజన విద్యార్థులు 108 సూర్య నమస్కారాలు చేశారు. ఎంతసేపట్లో? 108 నిమిషాల్లో. అంటే నిమిషానికి ఒకటి. సాధన చేసి వచ్చిన పిల్లలు నిమిషానికి ఒకటి చేస్తుంటే, ఏ సాధనా లేని నేను అర నిమిషానికి ఒకటి చొప్పున లాగించాను. నా తప్పు ఏంటో నాకు అప్పుడు అర్థమైంది.

ఘాట్ దగ్గర మాస్టారు

కార్తీకంలో మళ్ళీ ఊరెళ్ళాను. పొద్దున్నే అమ్మతో పాటు గోదావరి ఘాట్‌కి వెళ్తే, జనం అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. కొంచెం అవతల మెట్ల పైన ఓ పదిమంది జంపఖానాల మీద కూర్చుని యోగా చేస్తున్నారు. నేర్పిస్తున్నాయన వయసు డెబ్బై దాటి ఉంటుంది. కాలవల మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యారట. నేను దూరంగా నిలబడి చూస్తుంటే ఆయనే పలకరించారు. నా కథంతా చెప్పాను.

"నూట ఎనిమిదా! అంతకుముందు ఎన్ని చేసేవోరు బాబూ?"

"ఏమీ లేదండి."

ఆయన నవ్వలేదు. "ఎండాకాలంలో కాలవలు కట్టేత్తారు, చూశారు కదండి. మళ్ళీ నీళ్ళు వదిలేటప్పుడు తొలిరోజే నిండా వదిలేత్తే గట్లు ఆగవండి. కొంచెం కొంచెం పెంచుకుంటా ఎళ్ళాలి. మీ ఒళ్ళు కూడా కట్టేసిన కాలవేనండి. నీళ్ళు తప్పు కాదు, వదిలిన తీరు తప్పు."

మన డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇంతకంటే బాగా ఎవరు చెప్తారు? ధవళేశ్వరం ఆనకట్టే చూడండి. కాటన్ దొర ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయింది. అది గోదావరిని ఆపేసి దాచుకునే డ్యామ్ కాదు. నీటి మట్టాన్ని కాస్త పైకెత్తి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలవల్లోకి మళ్ళిస్తుంది, అంతే. ఆ మళ్ళించిన నీటితోనే సుమారు పది లక్షల ఎకరాలు పండుతున్నాయి. వరదకి పంట పండదు, మునిగిపోతుంది. రోజూ కొలతగా వచ్చే నీటికి పండుతుంది. అభ్యాసం కూడా అంతే.

పతంజలి ఏమన్నారు?

యోగా అంటే మనకి ఫోన్‌లో కనిపించేవి రెండు. ఒకటి, శరీరాన్ని తాడులా మెలితిప్పే భంగిమలు. రెండోది, దశాబ్దాలపాటు కదలకుండా తపస్సులో కూర్చునే యోగులు. మా మామ్మకి యోగి అంటే ముమ్మిడివరం బాలయోగి గారే. ఏళ్ళ తరబడి మౌనంగా తపస్సులో ఉండి, మహాశివరాత్రికి దర్శనమిచ్చిన ఆయన 1985లో సమాధి చెందారు. ఆ దర్శనానికి బస్సులు మారి ఎలా వెళ్ళేవాళ్ళో మామ్మ ఇప్పటికీ చెప్తుంది. ఈ రెండూ చూసి "మన వల్ల కాదులే" అనుకుంటాం. కానీ మొదలుపెట్టేవాళ్ళ దారి ఈ రెండూ కాదు.

పతంజలి యోగసూత్రాలు మొత్తం 195, కొన్ని పాఠాల్లో 196. అందులో ఆసనం గురించి నేరుగా చెప్పినవి ఎన్నో తెలుసా? మూడే మూడు. వాటిలో ఏ భంగిమ పేరూ లేదు. ఆసనం స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి, ప్రయత్నపు బిగువు సడలాలి అన్నదే వాటి సారం. అసలు "ఆసనం" అనే మాటకి అర్థమే కూర్చునే చోటు. వంగడం గురించి కాదు, కుదురు గురించి. పైగా అష్టాంగాల్లో ఆసనం మూడోది. దానికి ముందు యమం, నియమం ఉన్నాయి. అహింస, సత్యం, శౌచం, సంతోషం లాంటివి. మరి అహింసలో మన నడుం కూడా ఉంటుంది కదండీ!

అభ్యాసం గట్టిపడాలంటే ఆయన పెట్టిన షరతులు మూడు. చాలాకాలం చేయాలి. మధ్యలో ఆపకుండా చేయాలి. శ్రద్ధాభక్తులతో చేయాలి. "ఎక్కువ చేయాలి" అన్నది ఆ మూడింట్లో లేదు. నేను రథసప్తమినాడు తప్పింది సరిగ్గా ఇక్కడే. నాకు భక్తి ఉంది. కాలం లేదు, కొనసాగింపు లేదు. ఆ లోటుని సంఖ్యతో పూడ్చేద్దాం అనుకున్నాను.

భగవద్గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు కూడా ఇదే దారి చూపిస్తాడు. మరీ ఎక్కువ తినేవాడికీ యోగం కుదరదు, అసలు తిననివాడికీ కుదరదు. అతిగా నిద్రపోయేవాడికీ కుదరదు, నిద్ర మానేసేవాడికీ కుదరదు. అన్నింటిలోనూ మితం ఉండాలి.

ముందు సంకల్పం, తర్వాత మ్యాట్

ఇంట్లో పూజకి కూర్చుంటే పంతులుగారు ముందు సంకల్పం చెప్పిస్తారు. అందులో ఏముంటుంది? ఇవాళ తిథి ఏంటి, వారం ఏంటి, మనం ఏ నదుల మధ్య ఉన్నాం, మన గోత్రం, పేరు, చేయబోయే పని. అంటే ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏం చేస్తున్నారు అన్నీ స్పష్టంగా చెప్పాకే పూజ మొదలవుతుంది. మా ఆఫీసులో అయితే దీన్ని రిక్వైర్‌మెంట్ అంటాం! మనవాళ్ళు ఎప్పుడో పెట్టేశారు.

"రేపట్నుంచి యోగా చేస్తా" అనేది సంకల్పం కాదు, కోరిక. "రేపట్నుంచి 41 రోజులు, పొద్దున్న ఆరింటికి, బాల్కనీలో, 12 నిమిషాలు" అంటే అది సంకల్పం. 41 ఎందుకంటే, మండల దీక్ష మనకి తెలిసిందే. అయ్యప్ప మాల వేసుకున్న స్నేహితుణ్ణి చూడండి. అన్ని రోజులు చన్నీళ్ళ స్నానం ఎలా చేయగలుగుతున్నాడు? ఒక్కసారి నిర్ణయించుకున్నాడు కాబట్టి. రోజూ కొత్తగా "చేయాలా వద్దా" అని ఆలోచించడు.

41 రోజుల ప్లాన్

మాస్టారు నాకు చెప్పినదాన్ని నా కోసం ఇలా రాసుకున్నాను. ఆయుష్ మంత్రిత్వ శాఖ వాళ్ళ కామన్ యోగా ప్రోటోకాల్ కూడా చాలావరకు ఇదే వరస. ముందు కీళ్ళు వదులు చేయడం, తర్వాత నిలబడి, కూర్చుని, బోర్లా, వెల్లకిలా వేసే ఆసనాలు, ఆ తర్వాత ప్రాణాయామం, ధ్యానం. అది పూర్తిగా చేస్తే సుమారు 45 నిమిషాలు. ఉచితంగా దొరుకుతుంది. మన గమ్యం అది, మొదటి రోజు పని కాదు.

1 నుంచి 14వ రోజు దాకా, 12 నిమిషాలు:

- కళ్ళు మూసుకుని కూర్చుని ఊపిరిని గమనించడం, 2 నిమిషాలు. కింద కూర్చోలేకపోతే కుర్చీలో.
- మెడ, భుజాలు, నడుం, మోకాళ్ళు నెమ్మదిగా కదపడం, 4 నిమిషాలు. మెడని గుండ్రంగా గిరగిరా తిప్పకండి. ముందుకీ వెనక్కీ, పక్కలకీ చాలు.
- తాడాసనం, 2 నిమిషాలు. ఊపిరి తీసుకుంటూ చేతులు పైకి, వదులుతూ కిందికి.
- వజ్రాసనం, 1 నిమిషం. మోకాళ్ళు నొప్పెడితే పిరుదుల కింద మడతపెట్టిన దుప్పటి వేసుకోండి. అయినా నొప్పుంటే మానేయండి.
- శవాసనం, 3 నిమిషాలు. దీన్ని మాత్రం ఎగ్గొట్టకండి.

15 నుంచి 28వ రోజు దాకా, 20 నిమిషాలు. పై వాటికి తోడుగా:

- గోడ పక్కన నిలబడి వృక్షాసనం.
- కూర్చుని శశాంకాసనం.
- బోర్లా పడుకుని మకరాసనం, భుజంగాసనం. చేతులతో తోసేయకుండా, వీపు ఎంత లేస్తే అంతే.
- వెల్లకిలా పడుకుని సేతుబంధాసనం.

29 నుంచి 41వ రోజు దాకా, 30 నిమిషాలు. వీటికి తోడుగా:

- సూర్య నమస్కారాలు మూడు. అవును, మూడే. వెనక్కి వంగేటప్పుడు ఊపిరి తీసుకోవాలి, ముందుకి వంగేటప్పుడు వదలాలి. ముందుకి వంగినప్పుడు చేతులు నేలకి అందకపోతే మోకాళ్ళు వంచేయండి. నడుం లాగేకన్నా అది నయం.
- నాడీశోధన ప్రాణాయామం, 3 నిమిషాలు, ఊపిరి బిగపట్టకుండా.
- భ్రామరి, ఐదుసార్లు. తుమ్మెద ఝుంకారంలా.

ఖాళీ కడుపుతో చేయడం ఉత్తమం. సాయంత్రం చేస్తే భోజనానికీ యోగాకీ మధ్య మూడు నాలుగు గంటలు ఉండాలి. అమ్మ ఆదివారం పెట్టే పెసరట్టు ఉప్మా తినేసి భుజంగాసనం వేస్తే ఏమవుతుందో నన్ను అడగకండి. ఖరీదైన మ్యాట్ అక్కర్లేదు, జారని జంపఖానా చాలు. ఎండాకాలంలో మన వైపు ఉక్కపోత తెలుసు కదా, తెల్లవారుజామునే డాబా మీద చేసేసుకోవడం మంచిది.

ఊపిరే మీటర్

సరిగ్గా చేస్తున్నామో లేదో ఎలా తెలుస్తుంది? మాస్టారు చెప్పిన గుర్తు ఒక్కటే, "ముక్కుతో నిదానంగా ఊపిరి ఆడుతుందా లేదా చూసుకోండి బాబూ." ఆసనంలో ఊపిరి బిగపట్టేస్తున్నారన్నా, నోటితో తీసుకుంటున్నారన్నా హద్దు దాటినట్టే. ఒక అడుగు వెనక్కి రండి. కండరం లాగుతున్నట్టు ఉండటం మామూలే. సూదితో పొడిచినట్టు నొప్పి, తిమ్మిరి, కళ్ళు తిరగడం ఉంటే అక్కడితో ఆపేయాలి. మళ్ళీ మళ్ళీ అలా అయితే డాక్టర్‌కి చూపించుకోవాలి.

ఇంకో మాట. ఒక రోజు తప్పిపోతే మర్నాడు రెట్టింపు చేయకండి. తప్పిన రోజు అప్పు కాదు, వడ్డీతో కట్టక్కర్లేదు. మర్నాడు మళ్ళీ అదే 12 నిమిషాలు. రిలీజ్ ఉన్న వారంలో నేను కొన్ని రోజులు శవాసనం, రెండు నిమిషాల కూర్చోవడం మాత్రమే చేశాను. కాలవలో నీళ్ళు తగ్గొచ్చు, ఎండిపోకూడదు.

నాన్న చేసిన పని

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాను. కానీ మనం చూసిన వీడియోలన్నీ అమ్మానాన్నలకి పంపేస్తాం కదా, అందుకే రాస్తున్నాను.

నేను మళ్ళీ మొదలుపెట్టాక నాన్న కూడా నాతో కూర్చోవడం మొదలుపెట్టారు. ఆయనకి ఎనిమిదేళ్ళుగా బీపీ ఉంది. మూడు వారాలకి ఒళ్ళు తేలిగ్గా ఉందన్నారు. అందరం సంతోషపడ్డాం. అదే సమయంలో ఎవరో ఫార్వర్డ్ చేసిన వీడియో చూశారట. యోగా చేస్తే మాత్రలు అవతల పారేయొచ్చని అందులో చెప్పారట. మాకెవరికీ చెప్పకుండా మాత్ర మానేశారు. తొమ్మిదో రోజు రాత్రి కళ్ళు తిరిగి వంటింట్లో కూలబడ్డారు. హాస్పిటల్‌కి తీసుకెళ్తే బీపీ 180 మీద 110. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. అమ్మ ఫోన్ చేసి ఏడుస్తుంటే, ఆ రాత్రి బస్సులో నాకు కలిగిన భయం మాటల్లో చెప్పలేను. ఆయన్ని కూర్చోబెట్టింది నేనే కదా అనిపించింది.

దేవుడి దయవల్ల పెద్ద ప్రమాదం తప్పింది. మాస్టారికి ఈ సంగతి చెప్తే ఆయనకి కోపం వచ్చింది. "మాత్ర మాత్రేనండి, ఆసనం ఆసనమేనండి. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది డాక్టరు గారు చూసి చెప్పాలి. నేను కాదు, మీ ఫోనూ కాదు."

కాబట్టి దయచేసి గుర్తుపెట్టుకోండి. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా, హెర్నియా, మూర్ఛ, తల తిరగడం ఉన్నవాళ్ళు కపాలభాతి చేయకూడదు. మెడ, డిస్క్ సమస్యలు, గ్లాకోమా ఉన్నవాళ్ళు శీర్షాసనం జోలికి వెళ్ళొద్దు. కొత్తవాళ్ళు ఎవరూ వీడియో చూసి శీర్షాసనం వేయొద్దు. గర్భిణులు, నెలసరి సమయంలో ఉన్నవాళ్ళు తెలిసిన గురువుని అడిగి చేయండి. ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగండి. మన ఛానల్ వీడియోలకి కూడా ఇదే వర్తిస్తుంది. వీడియో మిమ్మల్ని చూడలేదు, ఎదురుగా ఉన్న గురువు చూస్తాడు. కనీసం మొదటి కొన్ని రోజులైనా దగ్గర్లో ఎవరైనా అనుభవమున్నవాళ్ళ దగ్గర కూర్చోండి.

ఈ ఏడాది రథసప్తమి

మొన్న రథసప్తమికి మళ్ళీ ఊరెళ్ళాను. అదే డాబా, అవే జిల్లేడాకులు, అదే పరమాన్నం. నాన్న పొద్దున్న టిఫిన్ అయ్యాక వేసుకోవాల్సిన మాత్ర ముందే తీసి కిటికీ గూట్లో పెట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కుర్చీలోనే చేతులు పైకెత్తి, దించి, ఊపిరి చూసుకున్నారు. నేను 12 చేశాను. ఒక్కొక్కటీ నిమిషానికి పైనే పట్టింది. పన్నెండోది అయ్యేసరికి ఊపిరి ఇంకా ముక్కుతోనే ఆడుతోంది.

"ఇంకా చేస్తావేంట్రా?" అన్నారు నాన్న.

"లేదు నాన్నా. రేపు ఉందిగా."

గోదావరికి పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి. 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లో వస్తాయి. ఆ పన్నెండు రోజులూ ఘాట్లన్నీ జనంతో నిండిపోతాయి, అది ఒక వైభవం. కానీ మిగతా రోజులన్నీ కూడా గోదావరి మన కోసం పారుతూనే ఉంటుంది కదా. మీ సాధన కూడా అలాగే ఉండాలని కోరుకుంటున్నాను. రేపు పొద్దున్న 12 నిమిషాలు కూర్చోండి. సంకల్పం ఇవాళ రాత్రే చెప్పుకోండి, ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అని.

అందరికీ ఆ సూర్యనారాయణుడు ఆరోగ్యం ఇవ్వాలి. ఓం నమః శివాయ.